ఐదేళ్ల బాబు పుస్తకం పట్టడం లేదు, చేతులతో చేస్తూ నేర్చుకుంటే సరిపోతుందా?

మీ బాబుకు ఐదేళ్లు, యూకేజీ. పుస్తకం తీస్తే పారిపోతాడు, స్క్రూడ్రైవర్ దొరికితే గంటసేపు కదలడు. "వాడి ఇష్టాన్ని బట్టి, చేతులతో చేయిస్తూ నేర్పండి" అని ఎవరో చెప్పారు. అది ఖర్చు పరంగా మనలాంటి ఇళ్లలో కుదిరే పనేనా, ఒకటో తరగతికి వెనకబడిపోడా అని అడిగారు. నేను అనంతపురంలో ఉంటాను. ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. మా పాపకు తొమ్మిదేళ్లు. ఇంట్లోనూ బడిలోనూ నేను చూసిందే చెప్తాను.

మా పాపను ఎల్‌కేజీకి టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో వేశాం. రోజుకు నాలుగు పేజీల కాపీరైటింగ్. పెన్సిల్ ఎంత గట్టిగా నొక్కేదంటే కాగితం చిరిగి కింది పేజీలో కూడా అచ్చు పడేది. పొద్దున్నే కడుపునొప్పి అనేది. నేను టీచర్నై ఉండి కూడా రాత్రి తొమ్మిదింటికి దాని చెయ్యి పట్టుకుని రాయించాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఆ ఎండాకాలం సెలవులకు కళ్యాణదుర్గం దగ్గర మా అత్తమ్మ వాళ్ల ఊరికి వెళ్లాం. వానలు రాకముందే విత్తనానికి శనక్కాయలు వలుచుకోవాలి కదా. మా పొలంలో కదిరి-6 రకం వేస్తారు. అత్తమ్మ వసారాలో చేట ముందు పెట్టుకుని కూర్చుంటే పాప పక్కన చేరింది. మొదటి రోజు తినడమే సరిపోయింది. రెండో రోజు, "అవ్వా, దీంట్లో మూడున్నాయి!" అని ఎగిరింది. అప్పటినుంచి కాయలను బండల మీద వరుసలుగా పేర్చడం మొదలుపెట్టింది. ఒక గింజవి ఒక వరుస, రెండువి ఒక వరుస, మూడువి ఒక వరుస. రెండు గింజల వరుస గడప దాటిపోయింది. అది చూసి, "ఇదే ఎందుకు పొడుగైంది?" అంది.

నేను వెంటనే "లెక్కపెట్టు చూద్దాం" అనబోయాను. అత్తమ్మ నా వైపు చూసి ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపింది. కాయల కుప్పను పాప దగ్గరికి జరిపి తన పని తాను చేసుకుంది. కాసేపటికి పాపే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. స్కూల్లో నేర్పింది ఇరవై వరకే. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది అని తనే సాగదీసుకుంటూ వచ్చి, "ఇరవై పది" అంది. అత్తమ్మ తల ఎత్తకుండా, "ఇరవై పదిని ముప్పై అంటారు" అంది, అంతే. ఆ తర్వాత ముప్పై పది వచ్చినప్పుడు పాప ఆగి అవ్వ మొహం చూసింది. అత్తమ్మ "నలబై" అని అందించింది. ఆ సాయంత్రానికి అరవై దాటింది. ఎవరూ కూర్చోబెట్టలేదు, ఎవరూ తిట్టలేదు.

డీఎడ్ అనే టీచర్ ట్రైనింగ్‌లో నేను పుస్తకాల్లో చదివింది ఆ వసారాలో అర్థమైంది. పిల్లల ఇష్టాన్ని బట్టి నేర్పడమంటే పిల్లల్ని వదిలేయడం అని చాలామంది అనుకుంటారు. మా అత్తమ్మ వదిలేయలేదు. చేతికి వస్తువు అందించింది, పక్కనే కూర్చుంది, మాట ఆగిపోయిన చోట ఒక్క మాట అందించింది. మనకు కష్టమైంది ఆ ఊరుకోవడమే. పిల్లాడు బొత్తాం పెట్టుకోలేక తంటాలు పడుతుంటే మన చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ఆ చేతిని ఆపుకోండి, వాడు "అమ్మా" అని పిలిచేదాకా.

ఖర్చు గురించి అడిగారు. చేతులతో చేయిస్తూ నేర్పే మాంటిస్సోరి పద్ధతి అనగానే వేల రూపాయల చెక్క సామాను గుర్తొస్తుంది. ఆ పద్ధతిని మొదలుపెట్టిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో మొదటి బడి పెట్టింది పేదల వాడలో, కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లల కోసం. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయారు. ఆ పద్ధతిలో నీళ్లు ఒంపడం, స్పాంజి పిండడం లాంటి పనులు చిన్నపిల్లలతో చేయిస్తారు, వేళ్లకు పట్టు రావడానికి. మన ఇంట్లో ఉగ్గాని చేసే రోజు నానిన బొరుగులను (మరమరాలను) పిండే పని మీ బాబుకు ఇవ్వండి. ఎక్కువ నానితే ముద్దవుతుంది, తక్కువ నానితే గట్టిగా ఉంటుంది, వాడే కనిపెడతాడు. పప్పుల పొడి ఎన్ని చెంచాలో వాడినే కొలిచి వేయమనండి. పెన్సిల్ పట్టుకునే బలం కూడా ఆ వేళ్లకే వస్తుంది. ఇంకో మాట, మాంటిస్సోరి అనే పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. బోర్డు చూసి ఫీజు కట్టకండి, లోపలికి వెళ్లి పిల్లల చేతుల్లో ఏముందో చూడండి.

స్క్రూడ్రైవర్ వాడి దగ్గర్నుంచి లాక్కోకండి. చెడిపోయిన టార్చ్‌లైటు, పాత గడియారం ఇచ్చి విప్పమనండి. బ్యాటరీలు ముందే తీసేయండి. కరెంటుకు పెట్టే వస్తువులు మాత్రం పాడైపోయినవైనా వద్దు. విప్పిన మరలు పెట్టుకోవడానికి ఒక ప్లేటు ఇవ్వండి. మళ్లీ బిగించలేకపోతే పోనీయండి.

బడిలో కుదురుతుందా అంటే, మా నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో వాన కొలిచిన సంగతి చెప్తాను. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేది దాదాపు 550 మిల్లీమీటర్లే. ఆ అంకె పుస్తకంలో ఉంటే పిల్లలకు ఏమీ అనిపించదు. ఒక పిల్లాడు, "టీచర్, నిన్న పదునైందని మా నాయన విత్తనానికి పోయినాడు. పదునంటే ఎన్ని మిల్లీమీటర్లు?" అని అడిగాడు. విత్తడానికి సరిపడా నేల తడిస్తే మా వైపు పదునైంది అంటారు. నాకు జవాబు తెలియదు, తెలియదనే చెప్పాను. నిటారుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తెచ్చి, బయట స్కేలు అంటించి, చెట్లు లేని చోట పెట్టాం. వాన పడిన మర్నాడల్లా నీళ్ల మట్టం చూడడం, పక్కనే పుల్లతో తవ్వి తడి ఎంత లోతుకు దిగిందో చూడడం. వేలెడు, బెత్తెడు, జానెడు అని మొదలుపెట్టి, చివరికి సెంటీమీటర్లలోకి వాళ్లే మార్చుకున్నారు. డబ్బాలో నీళ్లు అంతే ఉన్నా ఎర్రనేలలో ఒక లోతు, చెరువు పక్క నల్లనేలలో ఇంకో లోతు. దాని మీద పిల్లలు వాదించుకున్నంత సేపు ఏ పాఠం మీదా వాదించుకోలేదు. దశాంశాలు ఆ వానాకాలంలో నేర్చుకున్నారు.

అయితే అక్షరాల విషయంలో కచ్చితంగా ఒకటి చెప్పాలి. లెక్కలు శనక్కాయల్లో దొరుకుతాయి గానీ చదవడం దానంతటదే రాదు. రోజూ పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి నేర్పాలి. గరుకు కాగితాన్ని అక్షరాల ఆకారంలో కత్తిరించి అట్ట మీద అతికిస్తే, బాబు వేలితో దిద్దుతూ శబ్దం పలకొచ్చు. మా పాపకు 'ట', 'ద' తేడా కంటితో తెలియలేదు, వేలితో తెలిసింది. రాత్రి కథ చదివి వినిపించడం మానకండి. ఇంకొకటి, ప్రతి పనినీ పాఠం చేయొద్దు. నేను చపాతీ చేస్తున్నప్పుడల్లా "ఇది ఏ ఆకారం?" అని అడిగి అడిగి, పాప వంటింట్లోకి రావడమే మానేసింది. రెండు వారాలు ఏమీ అడగకుండా ఉంటే మళ్లీ వచ్చింది.

స్కూలు వాళ్లతో గొడవ పడొద్దు. 2020 జాతీయ విద్యా విధానంలోనే 3 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఆటల ద్వారా, పనుల ద్వారా నేర్పాలని ఉంది. 6 నుంచి 8 తరగతుల మధ్య 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటి వాళ్ల దగ్గర పని నేర్చుకోవాలనీ ఉంది. ఆ మాట చెప్పి, హోంవర్కు ఒక పేజీకి తగ్గించమని మర్యాదగా అడగండి. మేము అలాగే అడిగాం. మొదట ఒప్పుకోలేదు, రెండోసారి ఒప్పుకున్నారు. మా పాప ఒకటో తరగతిలో చదవడంలో కొంచెం వెనక ఉండేది, రెండో తరగతి సగానికి అందుకుంది. పిల్లలందరికీ ఇలాగే జరుగుతుందని అనను, కానీ కడుపునొప్పి మాత్రం మళ్లీ రాలేదు.

వానలు మొదలయ్యాక బాబుతో ఒక వెడల్పాటి కుండీలో నాలుగు వేరుశనగ గింజలు నాటించండి. నెల రోజులకు అటూ ఇటూగా పసుప్పచ్చ పూలు వస్తాయి. పూవు వాడిపోయాక దాని మొదట్లోంచి ఊడ బయలుదేరి, వంగి, మట్టిలోకి దిగుతుంది. కాయ మట్టిలో కాస్తుంది. పూవు పైన, కాయ కింద ఎలా అని వాడు మిమ్మల్ని అడుగుతాడు. అప్పుడు జవాబు చెప్పకుండా, ఒక్క ఊడ దగ్గర మట్టిని నెమ్మదిగా పక్కకు జరిపి చూడమని చెప్పండి. వాడు ఏమన్నాడో నాకు ఇక్కడ రాయండి.