అత్తయ్యగారి నడక మాన్పించకండి

ప్రశ్న: మా అత్తయ్యగారికి 74 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, నిద్ర పట్టట్లేదని రాత్రిళ్లు ఆల్ప్రజోలం వేసుకుంటారు. పోయిన నెల తెల్లవారుజామున బాత్రూమ్‌కని లేచి గడప దగ్గర పడిపోయారు. ఎముకలేవీ విరగలేదు గానీ అప్పట్నుంచి మాకు ఒకటే టెన్షన్. ఒంటరిగా లేవొద్దని, గుడికి కూడా వెళ్లొద్దని మావారు గట్టిగా చెప్పేశారు. ఆవిడ రోజంతా మంచం మీదే ఉంటున్నారు. మేం చేస్తున్నది సరైనదేనా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: కాదండీ. మీవారి భయం అర్థమైంది, కానీ ఈ వయసులో కొన్ని వారాలు మంచం మీదే ఉంటే తొడ కండరాలు చిక్కిపోతాయి, ఆ తర్వాత లేచినప్పుడు పడే ప్రమాదం ఇప్పటికంటే ఎక్కువవుతుంది. ముందు ఆ రోజు ఎందుకు పడ్డారో కనుక్కోండి.

మీ ఉత్తరంలో నాకు మొదట అనుమానం వచ్చింది గడప మీద కాదు, మాత్రల మీద. బీపీ మందులు వాడేవాళ్లు పడుకున్నవాళ్లు పడుకున్నట్టే గబుక్కున లేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరగొచ్చు. ఇంట్లో మెషిన్ ఉంటే ఆవిడని ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒక నిమిషానికి, మళ్లీ మూడు నిమిషాలకి బీపీ చూడండి, పక్కన ఎవరైనా పట్టుకుని ఉండాలి సుమా. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే ఆ అంకెలు రాసుకుని డాక్టర్‌కి చూపించండి. ఆల్ప్రజోలం మత్తు, తూలు తెల్లారేదాకా ఉండొచ్చు, కానీ దాన్ని మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకండి, డాక్టర్ చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గానీ వాడుతుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోతోందేమో కూడా చూడమనండి. షుగర్ వల్ల అరికాళ్లు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోతే అడుగు తడబడుతుంది, అదీ అడగండి.

ఇక ఇల్లు. మన ఇళ్లలో గడప తీయమంటే ఎవరూ ఒప్పుకోరు, తీయక్కర్లేదు కూడా, మంచం నుంచి బాత్రూమ్ దాకా రాత్రంతా చిన్న బల్బు వెలిగితే చాలా మేలు. నాకు అసలు కోపం తెప్పించేది బాత్రూమ్ ముందు పాత చీర మడిచి వేసే పట్టా, టైల్స్ మీద సర్రున జారుతుంది, ఈరోజే తీసేయండి. కమోడ్ పక్కన గోడకి పట్టుకుని లేవడానికి గట్టి స్టీల్ కడ్డీ బిగించండి, తువ్వాలు వేసుకునే రాడ్డు పట్టుకుంటే ఊడి చేతికొస్తుంది. రాత్రి నైటీ పాదాలకి తగలకుండా ఉండాలి.

లేచేటప్పుడు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, మడమలు నాలుగుసార్లు ఆడించి అప్పుడు లేవమనండి. పగలు గట్టి కుర్చీలోంచి వీలైతే చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తడం రోజూ చేయించండి, మొదట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాలి. గుడికి మానకుండా పంపండి, తోడు వెళ్లండి, తడి రాళ్ల దగ్గర చెయ్యందించండి. రెండు పవర్ల కళ్లజోడు ఉంటే మెట్లు దిగేటప్పుడు కింది మెట్టు మసకగా కనిపిస్తుంది, జాగ్రత్త.

మళ్లీ పడితే మాత్రం కంగారుగా రెక్క పట్టుకుని లేపకండి. ఒక కాలు పొట్టిగా, పక్కకి తిరిగి కనిపిస్తే తుంటి ఎముక విరిగిందేమో, నిలబెట్టొద్దు. తలకి దెబ్బ తగిలి, రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆవిడ బాగానే ఉన్నానన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.