గార్డన్ గేజ్ రీడింగ్ క్యాలరీమీటర్ కన్నా ఎక్కువ వస్తుంటే

గార్డన్ గేజ్ అంటే నల్ల పూత వేసిన పలుచని లోహపు రేకు ఎంత వేడెక్కిందో చూసి, దానిపై పడే వికిరణ తీవ్రతను కొలిచే సెన్సర్. సోలార్ డిష్ (ఎండను ఒకచోట కేంద్రీకరించే అద్దం) ఫోకస్ దగ్గర మీ గేజ్ ఎక్కువ చూపించడానికి కారణం చాలావరకు దాని నల్ల పూతే. పాడైందని టెన్షన్ పడకండి. క్యాలరీమీటర్‌లో (పడిన వేడిని పీల్చుకుని కొలిచే పరికరం) వేడి నష్టాలు లెక్కేశారనే అనుకుంటున్నాను.

1. కాలిబ్రేషన్ దేనితో చేశారో సర్టిఫికెట్‌లో చూడండి. సాధారణంగా, వేడికి దాదాపు ఆదర్శంగా వికిరణం వెదజల్లే కొలిమి అయిన బ్లాక్‌బాడీ ఫర్నేస్‌తో చేస్తారు. 850 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని వికిరణం అత్యధికంగా ఉండే తరంగదైర్ఘ్యం 2.6 మైక్రాన్లు, ఎండది 0.5. గ్రాఫైట్ పూత ఎండనే ఎక్కువ పీల్చుకుంటుంది, రీడింగ్ పెరిగిపోతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: రీడింగ్‌ను ఫర్నేస్ వికిరణానికి పూత శోషణ గుణకంతో (పడిన వికిరణంలో పూత పీల్చుకునే భాగం) గుణించి, ఎండకు ఉన్న గుణకంతో భాగించండి. రెండూ మీ పూతవే అయ్యుండాలి. పూత కాలినా, మాసినా పాత విలువలు పనికిరావు, మళ్లీ కొలిపించండి.

3. గాలి రేకును చల్లబరిచి రీడింగ్ తగ్గిస్తుంది. గాలి ఆగినప్పుడే పోల్చండి.