ఉబ్బసం ఉన్న పిల్లల్ని హాస్టల్‌కి పంపే ముందు: మా అమ్మాయి విషయంలో మేం చేసింది

మీ ప్రశ్న చదివాను. బాబుకి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉందని, పదో తరగతి అయిపోయిందని, జూన్‌లో ఇంటర్ హాస్టల్‌లో చేర్చాలని రాశారు. ఇన్నాళ్ళూ పంపు (ఇన్‌హేలర్) కొట్టుకోమని మీరే గుర్తు చేశారు, అక్కడ ఎవరు చూస్తారు అని అడిగారు. నేనూ సరిగ్గా ఇదే భయంతో నిద్రలేని రాత్రులు గడిపాను. మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో ఉండటం ఇది నాలుగో ఏడు.

మాది గుంటూరు. మిర్చి సీజన్‌లో యార్డు వైపు నుంచి గాలి మళ్ళిందంటే ఏ జబ్బూ లేనివాళ్ళకే తుమ్ములొస్తాయి. దానికి తోడు చలికాలం మంచు, పండక్కి ముందు బూజు దులపడాలు, భోగి మంటల పొగ. వీటన్నిటి నుంచి పిల్లను కాపాడటం నా పని అనుకున్నాను. మందు కొనేది నేను, పంపు కొట్టుకోమని గుర్తు చేసేది నేను, డాక్టరు ఏమడిగినా జవాబు చెప్పేదీ నేనే.

తను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక డిసెంబరు రాత్రి రెండింటికి లేచి కూర్చుంది. ఒక మాట పూర్తి చేయలేకపోతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగేస్తోంది. ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టాక తెల్లారేసరికి కుదుటపడింది. రోజూ మందు వాడుతుంటే ఇదెలా వచ్చిందని చూస్తే, ప్రివెంటర్ పంపులో (ఆయాసం రాకుండా రోజూ వాడేది) మందు ఎప్పుడో అయిపోయింది. నొక్కితే ఇంకా బుస్సుమని గ్యాస్ వస్తూనే ఉంది కాబట్టి తెలియలేదు. నేను రోజూ "కొట్టావా?" అని అడిగేదాన్ని, తను "కొట్టాను" అనేది. ఇద్దరం అబద్ధం ఆడలేదు.

తర్వాతి వారం చెకప్‌లో డాక్టరు గారు మా అమ్మాయి వైపు తిరిగి "ఆయాసం మొదలవ్వక ముందు నీకేమనిపిస్తుంది?" అని అడిగారు. అలవాటుగా నేనే "దగ్గు వస్తుంది సార్" అన్నాను. ఆయన చేత్తో నన్ను ఆపి, అమ్మాయినే చెప్పమన్నారు. "గడ్డం కింద, గొంతు దగ్గర దురద పెడుతుంది. తర్వాత ఓ రెండు గంటలకి దగ్గు" అంది. తొమ్మిదేళ్ళుగా ఉబ్బసం ఉన్న పిల్ల. ఆ దురద సంగతి నేను మొదటిసారి వినడం అదే! నేను అడగలేదు, అది చెప్పలేదు. ఆ రోజు నుంచే పని దాని చేతికి ఇవ్వడం మొదలుపెట్టాను.

మొదట అప్పగించింది లెక్క. డబ్బా మీద ఎన్ని డోసులో రాసి ఉంటుంది. మా ప్రివెంటర్‌లో 120. పొద్దున రెండు పఫ్‌లు, రాత్రి రెండు, అంటే 30 రోజులు. కొత్తది తెరిచిన తేదీ, అయిపోయే తేదీ స్కెచ్ పెన్‌తో దాని మీదే రాసుకునేది. డోస్ కౌంటర్ ఉన్న పంపు అయితే ఇంకా సులువు. నీళ్ళలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే పద్ధతిని నమ్మకండి.

రెండోది, ఏ మందు ఎందుకో తెలియడం. ఆయాసం వచ్చినప్పుడు కొట్టుకునే రిలీవర్ బిగుసుకున్న ఊపిరి గొట్టాలను అప్పటికప్పుడు వదులు చేస్తుంది, లోపలి వాపు మీద దానికి పట్టులేదు. వాపును అణిచేది రోజూ వాడే ప్రివెంటర్, అది చేసే మేలు వెంటనే కనిపించదు. అందుకే పిల్లలు బాగున్నప్పుడు దాన్ని మానేస్తారు. వారంలో రెండుసార్ల కంటే ఎక్కువ రిలీవర్ అవసరమవుతున్నా, రాత్రిళ్ళు ఆయాసంతో మెలకువ వస్తున్నా ఉబ్బసం అదుపులో లేనట్టే, డాక్టరును కలవాలి. ఇప్పుడు కొందరికి ఒకే పంపు రెండు పనులకీ రాస్తున్నారు, మీ బాబుది ఏదో అడిగి తెలుసుకోండి. ప్రివెంటర్ కొట్టాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత రావచ్చు.

"పంపు అలవాటైపోతుంది, స్టిరాయిడ్ కదా" అని మా అత్తగారి వైపు వాళ్ళు చాలాసార్లు అన్నారు. పీల్చే మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. మృగశిర కార్తెకు హైదరాబాద్ తీసుకెళ్ళి చేప ప్రసాదం కూడా వేయించారు. నమ్మకం ఉన్నవాళ్ళతో నేను వాదించను. పంపు మాత్రం మాననివ్వలేదు.

పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనండి, ఊపిరి ఎంత వేగంగా బయటికి ఊదగలమో కొలిచే చిన్న పరికరం అది. నిలబడి గట్టిగా మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. మా అమ్మాయికి బాగా ఉన్నప్పుడు 380 వచ్చేది. అందులో 80 శాతం, అంటే 304 పైన ఉంటే ఆకుపచ్చ. సగం, అంటే 190 నుంచి 304 దాకా పసుపు. 190 లోపు ఎరుపు. ఒక్కో రంగులో ఏం చేయాలో డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించుకున్నాం. మాకు రాసింది ఇది: ఆయాసం వస్తే పడుకోకుండా నిటారుగా కూర్చోవాలి. స్పేసర్‌తో (పంపుకి తగిలించే ప్లాస్టిక్ గొట్టం) రిలీవర్ ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు తీసుకోవాలి. నాలుగు నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ నాలుగు. అప్పటికీ తగ్గకపోతే 108. మాట రాకపోయినా, పెదాలు నీలంగా మారినా ముందే 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా పఫ్‌లు ఇస్తూనే ఉండాలి. మీ బాబుకి మీ డాక్టరు చేతే రాయించండి. దాన్ని ఫోటో తీసి రూమ్మేట్‌కి కూడా పంపించాలి.

అన్నిటికంటే కష్టమైంది దాచకుండా ఉండటం. ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, నలుగురిలో పంపు తీయకు అని ఒకప్పుడు నేనే చెప్పాను. ఆ మాట దాని మనసులో ఎంత బలంగా నాటుకుందంటే, స్కూల్లో ఆయాసం వస్తే బాత్రూమ్‌లోకి వెళ్ళి కొట్టుకునేదట. తలుపు గడియ పెట్టుకున్న పిల్లకి ఏమైనా అయితే ఎవరికి తెలుస్తుంది? ఇప్పటికీ తలచుకుంటే కడుపులో దడ పుడుతుంది. దానికి క్షమాపణ చెప్పాను. మగపిల్లలకీ ఈ సిగ్గు ఉంటుంది, ముఖ్యంగా ఆటల దగ్గర. ఆటకు ముందు పఫ్ తీసుకోవాలా అని డాక్టరును అడిగి, ఆడనివ్వండి.

హాస్టల్లో మొదటి రోజే తనే వార్డెన్‌తో మాట్లాడింది, నేను పక్కన నిలబడ్డాను అంతే. అక్కడ మందులన్నీ ఆఫీసులో ఇచ్చేయాలని రూలు. రిలీవర్ మాత్రం తన దగ్గరే, స్టడీ అవర్స్‌లో కూడా జేబులోనే ఉంటుందని డాక్టరు చీటీ చూపించి ఒప్పించింది. మస్కిటో కాయిల్ వెలిగించొద్దని రూమ్‌లో వాళ్ళని అడిగింది. దుప్పటి, దిండు గలీబు వారానికోసారి వేడినీళ్ళలో ఉతుక్కుంటుంది.

పని అప్పగించాక కూడా మొదటి ఏడాది ఆదివారం ఫోన్లో పీక్ ఫ్లో అంకెలు అడిగేదాన్ని. అంతకు మించి అడగలేదు. మధ్యలో ఒకసారి పరీక్షల ముందు టెన్షన్‌లో పది రోజులు ప్రివెంటర్ మానేసింది. పసుపులోకి రాగానే తనే చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంకోసారి చెప్పేది కాదు.

జూన్‌కి ముందు ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళి, మీరు బయట కూర్చుని బాబును ఒక్కడినే లోపలికి పంపండి. వచ్చాక ఏం చెప్పారో అతన్నే చెప్పమనండి, మధ్యలో అందుకోకుండా వినండి. ఆ సాయంత్రమే అతని ఎదురుగా కూర్చుని పంపు ఎలా కొడుతున్నాడో చూడండి. మా అమ్మాయి చాలా ఏళ్ళు ఊపకుండానే కొట్టింది.