గుడగుడమంటున్న బాత్‌రూమ్ డ్రెయిన్: ఐదేళ్ల గడువును ఏ తేదీ నుంచి లెక్కించాలి?

ప్రశ్న: వకీలు గారికి నమస్కారాలు. నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. కడప ఎర్రముక్కపల్లిలో ఇరవై ఫ్లాట్లున్న ఐదంతస్తుల భవనంలో మొదటి అంతస్తు ఫ్లాటును 38 లక్షలకు కొన్నాను. అగ్రిమెంటులో రెరా నంబరు ఉంది. 2021 ఫిబ్రవరి 18న రిజిస్ట్రేషన్ అయింది. పనులు మిగిలి ఉండడంతో ఆగస్టు 26న బిల్డరు సంతకం చేసిన లేఖతో పాటు తాళాలిచ్చారు. 2023 వానాకాలంలో పై అంతస్తులోకి మనుషులు దిగినప్పటి నుంచి మా బాత్‌రూమ్ డ్రెయిన్ అర్ధరాత్రి గుడగుడమంటోంది, దుర్వాసన వస్తోంది. ఎనభై ఏళ్ల మా అమ్మ ఉలిక్కిపడి లేచి తెల్లవార్లూ కూర్చుంటోంది. మూడేళ్లుగా ఆమె పడే బాధ చూడలేకపోతున్నాను. బిల్డరుకు లెక్కలేనన్ని సార్లు ఫోన్ చేశాను, వాయిస్ మెసేజీలు పెట్టాను. ఆ ఫోనును పోయిన ఏడాది ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను. రిజిస్ట్రేషన్ అయి ఐదేళ్లు దాటింది కాబట్టి ఇక అడిగే హక్కు లేదని బిల్డరు మనిషి అంటున్నాడు. గోడ పగలగొట్టి డక్టులోని పైపు కోసి మార్పించుకోమని మా బావమరిది, ఇద్దరు మనుషులను మురుగు చాంబర్‌లోకి దింపితే సరిపోతుందని అసోసియేషన్ కార్యదర్శి అంటున్నారు. పై అంతస్తు వారిపై కేసు వేయవచ్చా? అన్నట్టు, మా ఆవిడ అపార్ట్‌మెంట్ గ్రూపులో ఈ సంగతి రాస్తే, ‘బాత్‌రూమ్ పైపు వచ్చే వారం చూస్తాం’ అని 2024 జూన్‌లో బిల్డరు ఇచ్చిన జవాబు ఆమె ఫోనులో ఉంది.

జవాబు: మీ లేఖలో కేసును తేల్చేది చివరలో ‘అన్నట్టు’ అంటూ మాటవరసకు రాసిన ఆ ఒక్క వాక్యమే.

స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, 2016, అంటే మనం రెరా అని పిలిచే చట్టంలోని సెక్షన్ 14(3) ప్రకారం, స్వాధీనం అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపాన్ని గాని, పనితనంలో, నాణ్యతలో, సేవల ఏర్పాటులో ఉన్న మరే లోపాన్ని గాని కొనుగోలుదారు బిల్డరు దృష్టికి తెచ్చినట్లయితే, అదనంగా ఏమీ తీసుకోకుండా ముప్పై రోజుల్లో దాన్ని సరిచేయడం బిల్డరు విధి. చేయకపోతే తగిన పరిహారం పొందే హక్కు కొనుగోలుదారుకు వస్తుంది. మురుగునీటి పైపుల ఏర్పాటు లోపభూయిష్టంగా ఉంటే అది ఈ మాటల్లోకి నిస్సందేహంగా వస్తుంది. ఇక్కడ లెక్క మొదలయ్యేది స్వాధీనం నుంచే గాని రిజిస్ట్రేషన్ నుంచి కాదు. పైగా ఐదేళ్లలోపు జరగవలసింది లోపాన్ని దృష్టికి తేవడం. 2024 జూన్‌లో బిల్డరే ‘చూస్తాం’ అని రాశారంటే లోపం అప్పటికే ఆయన దృష్టికి వచ్చింది. కాబట్టి ఆయన మనిషి చెబుతున్నట్టు ఫిబ్రవరి 2021 నుంచి లెక్కించినా మీరు గడువులోపలే ఉన్నారు.

అయితే ఆ ఒక్క సందేశం మీదే భారమంతా వేయకండి. అది ఏ పైపు గురించో స్పష్టంగా లేదని, గ్రూపులో వచ్చిన మాట నోటీసు కాదని అవతలి వకీలు వాదిస్తారు. అందువల్ల తాళాలిచ్చిన 2021 ఆగస్టు 26 నుంచి లెక్కిస్తే ఇంకా మిగిలి ఉన్న గడువును కూడా వాడుకోవాలి. 2026 ఆగస్టు 25లోపు మీ లిఖితపూర్వక నోటీసు బిల్డరుకు చేరాలి. పోస్టు చేసిన తేదీ చాలదు, అందిన తేదీ ముఖ్యం. కనుక చివరి వారం దాకా ఆగకండి, ఈ వారమే పంపండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన ప్రాంతపు విక్రయ దస్తావేజుల్లో ‘ఆస్తిని నేడే మీ స్వాధీనం చేయడమైనది’ అనే వాక్యాన్ని ఇల్లు పూర్తయినా కాకపోయినా అలవాటుగా రాసేస్తుంటారు. మీ దస్తావేజులో కూడా అది ఉండే ఉంటుంది, తీసి చూడండి. ఉంటే బిల్డరు దాన్నే పట్టుకుంటారు, దానికి విలువ కూడా ఉంటుంది. కాని స్వాధీనం అనేది వాస్తవంగా జరిగిందా లేదా అని సాక్ష్యంతో తేల్చవలసిన విషయం. ఆగస్టు 26న తాళాలు అప్పగించినట్టు బిల్డరే సంతకం చేసిన లేఖ ఆ అచ్చు వాక్యాన్ని బలహీనపరుస్తుంది. దానికి తోడు నగరపాలక సంస్థ ఇచ్చిన నివాసయోగ్యతా ధ్రువపత్రం (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) తేదీ, విద్యుత్ పంపిణీ సంస్థ ఏపీఎస్‌పీడీసీఎల్‌లో సర్వీసు మీ పేరుకు మారిన తేదీ, గ్యాస్ కనెక్షన్ చిరునామా మార్పు, గృహప్రవేశపు ఆహ్వానపత్రిక సేకరించండి. నివాసయోగ్యతా పత్రం ఫిబ్రవరి తర్వాత వచ్చినదైతే, అది రాకముందే ఇల్లు అప్పగించానని చెప్పుకోవడం బిల్డరుకే ఇబ్బంది అవుతుంది.

ఇప్పుడు మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, నోటుపుస్తకంలో రాయనిది చదివినట్టు కాదని వారికి నేర్పిన మీరు, మూడేళ్ల పాటు ఒక్క కాగితం రాయలేదు. మీరు పెట్టిన మెసేజీలన్నీ ఉన్న ఫోనును, వాటిని భద్రపరచుకోకుండానే ఇచ్చేశారు. ఆ నష్టం పూడదు. కనీసం మీ శ్రీమతి ఫోనునైనా కేసు ముగిసేదాకా మార్చకండి, అమ్మకండి, రీసెట్ చేయించకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు, ఆ పరికరం ఎవరి అధీనంలో ఉందో వారి ధ్రువపత్రం, నిపుణుడి ధ్రువపత్రం జత చేయాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఇస్తే సరిపోతుందనుకోకండి. సందేశం పంపిన నంబరు బిల్డరుదేనని చూపడానికి అదే నంబరు ఉన్న ఆయన కరపత్రం గాని రసీదు గాని దొరికితే దాచండి.

గడువు సంగతి తేలాక మిగిలేది ఆ శబ్దం ఎవరి లోపం వల్ల వస్తోందన్న ప్రశ్న. ఇది మీరే చాలావరకు తేల్చుకోవచ్చు. నేలలోని జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో రెండు అంగుళాల మేర నీరు ఎప్పుడూ నిలిచి, మురుగు పైపులోని వాయువు గదిలోకి రాకుండా అడ్డుపడుతుంది. పై అంతస్తులో ఒక్కసారిగా నీరు వదిలినప్పుడు ఆ నీరు నిలువు పైపులో దిగుతూ వెనకాల గాలిని లాగుతుంది. ఆ గాలి డాబా మీద తెరిచి ఉండే వెంట్ పైపు నుంచి రావాలి. వెంట్ వేయకపోయినా, మూసుకుపోయినా, డాబా మీద గది కట్టినప్పుడు దాన్ని కోసి మూత బిగించినా, గాలి మీ ట్రాప్‌లోని నీటిని చీల్చుకుంటూ వస్తుంది. మీరు వినే గుడగుడ అదే. ఆ నీరు తగ్గిపోయాక వాసన మొదలవుతుంది. కాని మీ వాష్‌బేసిన్‌లో, మీ బాత్‌రూమ్‌లో నీరు పోసినప్పుడు మాత్రమే శబ్దం వస్తుంటే, మీ సొంత పైపులో వెంట్రుకలు, సబ్బు పేరుకున్నాయని అర్థం. దానికి బిల్డరు బాధ్యుడు కాడు, ప్లంబర్ వచ్చి గంటలో శుభ్రం చేస్తాడు. వాడని గదిలో అయితే కడప ఎండలకు ట్రాప్‌లోని నీరు ఆవిరై కూడా వాసన రావచ్చు.

మీ విషయంలో పై అంతస్తుకు మనుషులు వచ్చాకే శబ్దం మొదలైందన్న మాట మొదటి కారణం వైపే చూపుతోంది. దాన్ని సాక్ష్యంగా మార్చండి. జాలీ తీసి ట్రాప్‌ను నీటితో నింపి, మీ ఇంట్లో కుళాయిలన్నీ కట్టి, పై అంతస్తు వారిని రెండు మూడుసార్లు ఫ్లష్ చేయమని కోరి, నీటిమట్టం కదలడం, బుడగలు రావడం, మట్టం పడిపోవడం ఆపకుండా వీడియో తీయండి. వారం రోజుల పాటు శబ్దం వచ్చిన తేదీ, సమయం రాసి పెట్టండి. డాబా మీద వెంట్ పైపు పరిస్థితిని ఫొటో తీయండి. తర్వాత ఒక సివిల్ ఇంజినీరు చేత పరిశీలింపజేసి, ఆయన చూసినది, దానికి ఆయన చెప్పే కారణం లిఖితపూర్వకంగా, అవసరమైతే అఫిడవిట్‌గా తీసుకోండి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో నగరపాలక సంస్థ నుంచి మంజూరైన ప్లాను నకలు, నివాసయోగ్యతా పత్రం నకలు కోరండి. అవి రావడానికి ముప్పై రోజులు పట్టవచ్చు కాబట్టి వాటి కోసం నోటీసును ఆపవద్దు.

మీ బావమరిది సలహా పాటించవద్దు. డక్టులోని నిలువు పైపు మీ ఒక్కరిది కాదు, ఫ్లాట్ల యజమానులందరి ఉమ్మడి భాగం. దాన్ని కోస్తే పై నాలుగు ఇళ్ల మురుగు ఎక్కడికి పోతుందో ఆలోచించండి. ఆస్తికి నష్టం కలిగించారన్న ఫిర్యాదు మీ మీదే వస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, మీరు పగలగొట్టిన మరుక్షణం మీ సాక్ష్యం నాశనమవుతుంది. ‘మేము వేసినప్పుడు పైపు బాగానే ఉంది, ఆయనే కోసి చెడగొట్టుకున్నారు’ అని బిల్డరు అంటే దాన్ని ఖండించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు.

కార్యదర్శి చెప్పిన మార్గం దానికన్నా ఘోరమైనది. మనిషిని చాంబర్‌లోకి గాని సెప్టిక్ ట్యాంకులోకి గాని రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా దింపడాన్ని 2013 నాటి పాకీ పని నిషేధ చట్టంలోని సెక్షన్ 7 నిషేధించింది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు గాని, రెండు లక్షల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇది పోలీసులు వారంట్ లేకుండా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరం. మురుగు కాలువల్లో చనిపోయిన వారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. ఆ గుంతల్లోని విషవాయువు ఎంత మందిని మింగిందో తెలిసి కూడా ఇలాంటి సలహా ఎవరైనా ఇస్తే నాకు బాధ, కోపం రెండూ కలుగుతాయి. చాంబర్‌లో అడ్డు ఉంటే యంత్రంతో తీసే వాహనాన్ని పిలిపించండి. మీ అసోసియేషన్ మరో మార్గం పడితే, దానికి మీరు ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా తెలపండి.

పై అంతస్తు వారిపై కేసు వేయడానికి ఆధారం లేదు. తమ బాత్‌రూమ్‌ను తాము వాడుకోవడం అర్ధరాత్రి అయినా తప్పు కాదు. పైగా వీడియోకు మీకు వారి సహకారం కావాలి. మెయింటెనెన్స్ ఆపేయాలన్న ఆలోచన ఉంటే అదీ మానండి.

వినియోగదారుల కమిషన్ సంగతి కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. కడపలోనే జిల్లా కమిషన్ ఉంది, 50 లక్షల లోపు కొనుగోలు కాబట్టి అక్కడ విచారించవచ్చు. కాని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు కారణం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. 2023లో మొదలైన శబ్దానికి ఆ గడువు 2025లోనే దాటిపోయిందని బిల్డరు వాదిస్తారు. ఆలస్యాన్ని మన్నించమని తగిన కారణాలతో అడగవచ్చు గాని, ‘ఫోన్లు చేస్తూ ఉన్నాను’ అన్న కారణం మీద ఆధారపడి వెళ్లమని నేను చెప్పను. రెరా మార్గమే మీకు గట్టిది.

నోటీసులో ఫ్లాటు వివరాలు, రెరా నంబరు, స్వాధీనం తేదీ, శబ్దం మొదలైన కాలం, 2024 జూన్ నాటి జవాబు పూర్తి పాఠం, ఇంజినీరు అభిప్రాయం ఉండాలి. అభిప్రాయం ఇంకా రాకపోతే దాన్ని తర్వాత పంపుతామని రాయండి. వారం లోపు ఇరువైపులా సమక్షంలో తనిఖీ, సెక్షన్ 14(3) కింద ముప్పై రోజుల్లో మరమ్మతు కోరండి. అగ్రిమెంటులోని చిరునామాకు, ప్రస్తుత ఆఫీసు చిరునామాకు కూడా స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు కోరుతూ పంపండి. అదే రోజు ఈమెయిల్ చేసి, మీ శ్రీమతి నంబరు నుంచి నోటీసు ఫొటో కూడా పంపండి. బిల్డరు మనిషి వచ్చి పని మొదలుపెడితే, పగలగొట్టకముందు, పగలగొట్టాక, పూర్తయ్యాక వీడియోలు తీసుకుని, ఏం మార్చారో రాసిన కాగితం మీద సంతకం తీసుకోండి. ‘ఇక ఎలాంటి క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద మాత్రం మీరు సంతకం చేయకండి. ముప్పై రోజులు గడిచినా పని జరగకపోతే సెక్షన్ 31 కింద ఆంధ్రప్రదేశ్ రెరా అథారిటీకి ఫిర్యాదు చేసి, పరిహారం కోసం సెక్షన్ 71 కింద న్యాయనిర్ణయాధికారిని (అడ్జుడికేటింగ్ ఆఫీసర్‌ను) ఆశ్రయించవచ్చు.

ఈలోగా మీ తల్లిగారి కోసం ఒక పని చేయండి. రాత్రి పడుకునే ముందు, తెల్లవారుజామున ట్రాప్‌లో రెండేసి చెంబుల నీరు పోసి, బాత్‌రూమ్ కిటికీ తెరిచి ఉంచండి. వాసన చాలావరకు తగ్గుతుంది. వీడియో మాత్రం ఈ ఆదివారమే తీయండి.