రైలు చప్పుడు చాటున

పటమట, విజయవాడ

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. గుంటూరు పిల్ల, షటిల్ ఆట, అప్పుల్లో తండ్రి, ఫైనల్లో ఆఖరి పాయింటు, స్టేడియం అంతా లేచి చప్పట్లు. స్క్రీన్‌ప్లేగా మార్చి హైదరాబాద్ పట్టుకెళతానన్నావు. వెళ్లు. దానికి ముందు ఆ ఫైనల్ మ్యాచ్ పన్నెండు పేజీలూ తీసేసి ఒకసారి చదువుకో. కోపమొస్తే రానీ, ఈ ఉత్తరం మాత్రం చివరిదాకా చదువు.

‘జెర్సీ’ చూసే ఉంటావు. ముప్ఫై ఆరేళ్లకి మళ్లీ బ్యాటు పట్టినవాడు, రంజీ జట్టులో తన పేరుందని తెలిశాక రైల్వే ప్లాట్‌ఫారం మీద రైలొచ్చేదాకా ఆగి, ఆ చప్పుడులో కలిసిపోయేలా గొంతు చించుకుని అరుస్తాడు. భుజం తట్టేవాళ్లెవరూ లేరు. ఆ సినిమాలో కొట్టిన సిక్సర్లు నాకొక్కటీ గుర్తులేదు. బెజవాడ స్టేషన్లో నిలబడ్డప్పుడల్లా ఆ అరుపే గుర్తొస్తుంది. మన ఇళ్లలో మగవాళ్లు ఏడుపే కాదు, సంతోషం కూడా దాచుకుంటారు కదా. అందుకే హాల్లో అంతమంది గొంతుకి ఏదో అడ్డం పడింది.

కుస్తీ సినిమా ‘దంగల్’లో ఫైనల్ చివరి సెకన్లలో తేలుతుంది. నిజంగా 2010 ఢిల్లీ కామన్వెల్త్ పోటీల్లో గీతా ఫోగట్ ఆ ఫైనల్‌ని 1-0, 7-0తో సునాయాసంగా గెలిచేసింది. సినిమాకి టెన్షన్ కావాలి, పెంచుకున్నారు. తప్పనను. వాళ్లకి ఏది మారుస్తున్నారో తెలుసు. నీ నాయిక సెమీస్‌లో 21-20తో గెలిచింది! 20-20 అయ్యాక రెండు పాయింట్ల తేడా కావాలమ్మా, లేదంటే 30 దాకా ఆడాలి. ఇది నువ్వు మార్చింది కాదు, చూసుకోనిది.

1991లో ‘అశ్విని’ చూసిన మర్నాడు తెల్లారకముందే నేనూ బందరు రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాను. మూడు రోజులు. నాలుగో రోజు పిక్కలు పట్టేసి, ముసుగుతన్ని పడుకున్నాను. సినిమా ఉత్తేజం నాలాంటివాడికి అంతే. మా వీధిలో ఒకమ్మాయి మాత్రం ఆపలేదు. పతకాలేమీ రాలేదు, పీఈటీ ఉద్యోగం వచ్చింది. సినిమాలో ఏం నచ్చిందని చాలా ఏళ్లకి అడిగితే, “ఆవిడ నిజంగా పరిగెత్తింది మాస్టారూ” అంది. కథా కాదు, పాటలూ కాదు. తెరమీద ఉన్నది నటించడానికి వచ్చిన అథ్లెట్ అశ్వినీ నాచప్పే. కాళ్లు తెలిసినదానికి కాళ్లే కనిపించాయి.

అందుకని ఒక వారం పొద్దున్నే మీ బ్రహ్మానందరెడ్డి స్టేడియానికి వెళ్లు. నోట్‌బుక్ తీయకు, ఊరికే కూర్చో. రాకెట్ గట్టింగ్ (తీగల అల్లిక) తెగితే పిల్లలు ఇంట్లో ఎలా చెబుతారో, షటిల్ డబ్బా ఎన్నాళ్లొస్తుందో, స్కూటర్ మీద తెచ్చి దింపిన తల్లి ఆ రెండు గంటలూ ఏం చేస్తుందో చూడు. నీ కథలో అసలు తల్లే లేదు, గమనించావా?

ఇంకొకటి. నీ నాయిక గదిలో షటిల్ ఆటగాడు కిడాంబి శ్రీకాంత్ పోస్టరు పెట్టావు. మీ గుంటూరువాడేనని కాబోలు. 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, ఆ స్థానంలో ఉన్నది వారమే. ఎనిమిదో రోజు ప్రాక్టీసుకి బయల్దేరే మనిషి బూట్ల లేసులు ఎలా కట్టుకుంటాడు? తీసేసిన పన్నెండు పేజీల చోట్లో అలాంటి పొద్దు ఒకటి నీ పిల్లకి రాసి చూడు. మూడు పేజీలొచ్చినా చాలు.

వచ్చే నెల మొదటి ఆదివారం ఇంట్లోనే ఉంటాను. ఆ మూడు పేజీలు పట్టుకుని రా. స్కోర్లు మాత్రం ఎవరైనా ఆడేవాళ్లకి చూపించి తీసుకురా.

ఆశీస్సులతో,
మాస్టారు