అత్తగారి పేరు చెప్పి అమ్మమంటున్నదెవరు?

ఉత్తరం: మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. నాకు 37, మావారికి 41, బాబుకు 7. రెండేళ్ల క్రితం నా జీతంతో 2019 మోడల్ మాజ్డా మియాటా కొనుక్కున్నాను. సెకండ్‌హ్యాండ్‌ది, ఎర్రది, రెండే సీట్లు, మడిచి వెనక్కి తీసేసే గుడ్డ టాప్, క్లచ్ బండి. రోజూ ఆఫీసుకు 22 మైళ్లు దాన్లోనే వెళ్తాను. మావారిది ఏడు సీట్ల బండి, ఆయన ఆఫీసు పది నిమిషాల దూరం. బాబును స్కూలు నుంచి తెచ్చేది నేనే, నా పక్క సీట్లో కూర్చోబెట్టుకుని. అక్టోబరు ఆఖర్లో అత్తగారు, మామగారు గుంటూరు నుంచి ఆరు నెలలకు వస్తున్నారు. ఆలోపు కారు అమ్మేయమని మావారు పట్టుబడుతున్నారు. 'అమ్మ ఏమనుకుంటుంది? ఇంటి కోడలు అలాంటి కారులో తిరిగితే ఏం బాగుంటుంది? చలికాలం పనికిరాదు, సామాను పట్టదు, వాన లోపలికొస్తుంది' అంటారు. వాన మాట కొంత నిజమే. కారు బయట ఓక్ చెట్టు కింద ఉంటుంది, ఈ మధ్య పొద్దున్నే అద్దాలకు లోపల ఆవిరి పట్టి ఏదో ముక్క వాసన వేస్తోంది. వీడియో కాల్‌లో అత్తగారు మాత్రం 'ఎర్ర కారా? వానొస్తే ఎలాగమ్మా? నన్నూ ఓసారి ఎక్కించుకుంటావా?' అన్నారు. ఆవిడ వచ్చేలోపు అమ్మేయనా? లేక ఆవిణ్ణి ఎలా ఒప్పించను?

జవాబు: అమ్మొద్దు. అత్తగారిని ఒప్పించాల్సిన పనీ లేదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో అత్తగారు అన్న మాటలు మూడే. రంగు అడిగారు, వాన గురించి అడిగారు, నన్నూ ఎక్కించుకుంటావా అన్నారు. ఇందులో అభ్యంతరం ఎక్కడుందమ్మా? ముచ్చటపడి అడిగిన మాటలవి. 'ఏమనుకుంటుంది', 'ఏం బాగుంటుంది' అన్నవన్నీ మీవారి నోటి నుంచి వచ్చినవే. ఆవిడ అనుకోని మాటల్ని ఆవిడ పేరు మీద ఆయన అంటున్నారు. రెండేళ్లుగా ఆ కారు ఆయనకు నచ్చలేదు, ఆ మాట తన పేరున చెప్పలేకపోయారు. ఇప్పుడు తల్లి ప్రయాణం కలిసొచ్చింది.

దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. తన అయిష్టాన్ని తల్లి నోట పెట్టిన కొడుకు ఒకేసారి ఇద్దరికి అన్యాయం చేస్తాడు. ఆవిడ ఇంకా విమానం ఎక్కలేదు, మీరు అప్పుడే ఆవిణ్ణి చూసి భయపడుతున్నారు. ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టేసరికి, తను ఎన్నడూ అనని మాటకు కోడలు ముభావంగా ఉంటుంది. కారణం ఆవిడకు ఎవరు చెప్తారు? ఇలా మొదలైన ఆరు నెలలు ఎలా నడుస్తాయో మీకు చెప్పక్కర్లేదు.

అయితే మీ వల్ల జరుగుతున్న తప్పు ఒకటుంది, ముందు దాన్ని ఆపండి. ఏడేళ్ల పిల్లాణ్ణి రోజూ ముందు సీట్లో తీసుకురాకండి. పదమూడేళ్లు నిండేదాకా పిల్లలు వెనక సీట్లోనే కూర్చోవాలని అమెరికాలో పిల్లల డాక్టర్ల అకాడమీ చెప్తుంది. నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు వచ్చేదాకా బూస్టర్, అంటే పిల్లాణ్ణి కాస్త ఎత్తులో కూర్చోబెట్టే సీటు కూడా ఉండాలి. ముందు ఎయిర్‌బ్యాగ్ పెద్దవాళ్ల ఛాతీని దృష్టిలో పెట్టుకుని చేసింది. అది రెప్పపాటులో విచ్చుకునేటప్పుడు పిల్లాడి ముఖం, మెడ దాని ఎదురుగా ఉంటాయి. సీటు మీది బరువును చూసి అదే ఆగిపోతుందిలే అని ధైర్యపడొద్దు. ఎప్పుడో ఒకసారి వేరే దారే లేకపోతే బూస్టర్ వేసి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి, బెల్టు భుజం మీదుగా వచ్చేలా పెట్టండి, చంక కిందుగా కాదు. రోజువారీ పద్ధతిగా మాత్రం ఇది కూడదు. మీ వారు ఈ ఒక్క అభ్యంతరం చెప్పి ఉంటే నేను ఆయన పక్షానే ఉండేదాన్ని. ఆయన చెప్పలేదు. ఎందుకంటే ఆ మాటంటే వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: మరి పెద్ద బండి ఎవరి దగ్గరుండాలి?

మీ సంసారంలో తేలాల్సింది ఇదే. ఏడు సీట్ల బండి పది నిమిషాల దూరంలో ఆఫీసు పార్కింగ్‌లో రోజంతా ఖాళీగా నిలబడుతుంది. పిల్లాణ్ణి తెచ్చే మనిషికి రెండు సీట్ల బండి. పైగా మీ కారు ఓక్ చెట్టు కింద ఉంటుందంటే గ్యారేజీలో ఏ బండి ఉందో మీరు రాయకపోయినా తెలుస్తూనే ఉంది. కొన్నది ఎవరి జీతంతోనైనా సరే, రెండు బండ్లూ ఇంటివి. తాళాలు గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడాలి. ఆ రోజు బాబును తెచ్చేవాళ్లు పెద్ద బండి తీసుకోవాలి, రెండోవాళ్లు చిన్నది. సోమ, బుధ, శుక్రవారాలు మీరు తెస్తే మంగళ, గురువారాలు ఆయన తేవాలి. కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. నోటి మాట వారం దాటదు.

'క్లచ్ బండి నాకు అలవాటు లేదు' అంటారేమో. ఆయన మన దగ్గర నేర్చుకున్నది క్లచ్ బండే అయితే కాళ్లకు ఆ పని మరుపు రాదు. అక్కడ ఎడమచేత్తో వేసిన గేరు ఇక్కడ కుడిచేత్తో వెయ్యాలి, ఇబ్బంది పెట్టేది అదొక్కటే. ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్‌లో ఒక గంట, ఆ మరుసటి ఆదివారం ఊళ్లో ఒక గంట చాలు. మొదట ఇంజన్ ఆన్ చేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ ఒక్కటే మెల్లగా వదిలి బండి కదిలించమనండి. పదిసార్లు అలా కదిలిస్తే క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికే తెలుస్తుంది. ఎత్తులో ఆగినప్పుడు వెనక్కి జారకుండా ఒకటి రెండు సెకన్లు బండే పట్టుకుంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు. పక్క సీట్లో మీరు కూర్చోండి. తప్పు వేస్తే నవ్వకండి.

ఇక ఆయన అన్న మిగతా మూడింటికీ సరైన జవాబు ఉండాలి. కొన్నింట్లో ఆయనది నిజమే.

సామాను పట్టదన్నది నిజం. డిక్కీ 130 లీటర్లు. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా, కూరల సంచులు రెండు మూడు పడతాయి. చక్రాల పెట్టెల్లో పెద్దది ఒక్కటీ పట్టదు, మెత్తటి చేతి సంచులైతే రెండు పడతాయి. డ్యాష్‌బోర్డులో అర లేదు. కాగితాలు సీట్ల మధ్య వెనకున్న తాళం అరలో పెట్టాలి. స్పేర్ టైరు లేదు, పంక్చరు మందు, చిన్న గాలి పంపు ఇస్తారు. ఆ మందుకు గడువు తేదీ ఉంటుంది, మీది 2019 బండి కాబట్టి తీసి చూడండి. టైరు పక్కగోడ చిరిగితే ఆ మందు పనిచెయ్యదు, టో చేయించుకోవాల్సిందే. అందుకే రోడ్డుసాయం ఉన్న ఇన్సూరెన్స్ తప్పనిసరి. నెవార్క్ విమానాశ్రయానికి, గుడికి, డాక్టరు దగ్గరికి పెద్ద బండే. ఇద్దరు మనుషులు, మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలు వస్తుంటే చిన్న బండి మాట ఎత్తే పనే లేదు.

వాన సంగతి వేరు. మంచి స్థితిలో ఉంటే ఆ టాప్ కారదు. మీకు ఆవిరి, ముక్క వాసన వస్తున్నాయంటే నీళ్లు పోయే దారి మూసుకుని ఉండే అవకాశమే ఎక్కువ. సీట్ల వెనక, టాప్ మడత పడే చోట, రెండు మూలల్లోనూ రంధ్రాలుంటాయి. టాప్ మీద పడిన వాన వాటిలోంచి గొట్టాల గుండా వెనక చక్రాల ముందు నేల మీదికి దిగాలి. ఓక్ ఆకులు, పుప్పొడి అక్కడ చేరి నల్లటి బురదగా గట్టిపడతాయి. అప్పుడు నీళ్లు గట్టు దాటి తివాచీ కిందికి పోతాయి. పైన తడిమితే పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి మాత్రం వారాల తరబడి తడిగా ఉండి వాసన వేస్తుంది. టాప్ సగం ఎత్తి నిలబెట్టి, టార్చి వేసి, మూలల్లోని ఆకుల్ని చేత్తో తీసేయండి. తర్వాత ఒక్కోవైపు చెంబుడు నీళ్లు సన్నని ధారగా పొయ్యండి. కొన్ని సెకన్లలో కారు కింద చుక్కలు పడాలి. పడకపోతే సన్నని, మెత్తని నైలాన్ బ్రష్షును తిప్పుతూ దించండి. గట్టిగా పొడవకండి, కంప్రెసర్ గాలి కొట్టకండి. లోపల గొట్టం ఊడిందంటే ఆ నీళ్లన్నీ కారులోకే పోతాయి. ఆకురాలు కాలంలో రెండు వారాలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి చాలు. తడిసిన తివాచీ అంచు ఎత్తి, కింద తువ్వాలు కుక్కి, రెండు రోజులు ఫ్యాన్ పెట్టండి. తడి టాప్‌ను మడిచి ఉంచకండి, బూజు పడుతుంది. బ్రష్షులు తిరిగే కార్‌వాష్‌కు తీసుకెళ్లకండి.

చలికాలం పనికిరాదన్నది సగమే నిజం. వెనక చక్రాలు నడిపే, దాదాపు 1,060 కిలోల తేలికపాటి బండి అది. వేసవి టైర్లు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి వస్తే రబ్బరు బిగుసుకుని పట్టు వదులుతాయి, మంచు పడక్కర్లేదు, చలి చాలు. వేరే రిమ్ములకు ఎక్కించిన నాలుగు మంచు టైర్లు, 16 అంగుళాలవి, 195/50 సైజు, నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ లోపు వేయించండి. యాభై మైళ్లు నడిచాక నట్లు మళ్లీ బిగించి చూడాలి. టైర్లలో గాలి ఒత్తిడి 29 పీఎస్ఐ ఉండాలి. చలి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ పెరిగినప్పుడల్లా సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి నెలకోసారి పొద్దున్నే, బండి కదలకముందు చూసుకోండి. 5 డిగ్రీల సెల్సియస్ లోపు టాప్ మడవకండి, గుడ్డ, వెనక అద్దం దగ్గరి అతుకు దెబ్బతింటాయి. టాప్ మీది మంచును మెత్తని చీపురుతో తోయాలి. ప్లాస్టిక్ గీకుడుపార అద్దాలకే, గుడ్డకు తగలనివ్వొద్దు. రోడ్డు మీద మంచు అయిదంగుళాలు దాటితే ఆ బండి తియ్యకండి, పొట్ట ఆనుతుంది. అలాంటి రోజులు ఏడాదికి కొన్నే, ఆ రోజుల్లో ఇంటి నుంచి పని చేసుకోండి.

చలికాలం ఆరు నెలలూ గ్యారేజీలో ఉండాల్సింది గుడ్డ టాప్ ఉన్న బండి. ఇనుప టాప్ ఉన్న బండికి చెట్టు కింద ఏమీ కాదు. ఇది ఆయనకు మొదట మింగుడు పడకపోవచ్చు. చెప్పండి.

ఎలా చెప్పాలంటారా? బాబు నిద్రపోయాక, వచ్చే శనివారం లోపే. 'అత్తయ్యగారు ఏమనుకుంటారో ఆవిడనే అడుగుదాం, రేపు కాల్‌లో ఇద్దరం కూర్చుని అడుగుదాం. ఈలోగా నీకు నచ్చనిదేంటో నీ మాటగా చెప్పు, వింటాను' అనండి. అని, ఊరుకోండి. ఆ మౌనాన్ని మీరు నింపకండి. డబ్బు అంటారా, భద్రత అంటారా, నలుగురిలో తన భార్య ఎర్ర కారులో కనిపించడం ఇబ్బందిగా ఉందంటారా, ఏదైనా నిజమైన మాట వస్తే దానికి జవాబుంటుంది. బాబు సంగతి మీరే ముందు ఒప్పుకోండి: 'అది నా తప్పు, రేపటి నుంచి ఉండదు' అని. ఆ మాట విన్నాక ఆయన తాళాల విషయంలో కాదనడం కష్టం. మళ్లీ 'అమ్మ...' అని మొదలుపెడితే ఫోను ఆయన చేతికివ్వండి. మామగారిని, ఆడపడుచును ఇందులోకి లాగకండి. ఇది మీ ఇద్దరి మధ్య తేలాల్సిన విషయం.

అత్తగారు అడిగిన షికారు సంగతి మరిచిపోకండి. నవంబరు సగం దాటితే టాప్ తీసేంత ఎండ అరుదు, అందుకే ఆవిడ దిగి నిద్రలు కుదుటపడ్డ వెంటనే, ఎండగా ఉన్న మధ్యాహ్నం చూడండి. మోకాళ్ల నొప్పులున్నవారిని ఆ బండిలో కూర్చోబెట్టడం టాప్ తీసి ఉంటేనే తేలిక, తల వంచక్కర్లేదు. ఫుట్‌పాత్ గట్టు పక్కన ఆపకండి, గట్టు మీద నిలబడితే సీటు ఇంకా కిందికి పోతుంది. చదునైన చోట తలుపు పూర్తిగా తీసి, సీటు వెనక్కి జరిపి, సీటు మీద నున్నటి ప్లాస్టిక్ కవరు పరచండి. ఆవిడ సీటుకు వీపు పెట్టి, కుచ్చిళ్లు చేత్తో పట్టుకుని, ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకోవాలి. కూర్చున్నాక కవరు లాగేయండి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు మనిషి బెల్టు కిందికి జారుతుంది. దిగేటప్పుడు రెండు పాదాలూ నేల మీద ఆనాక, మీ ముంజేతులు ఆవిణ్ణి పట్టుకోమనండి, మీరు లాగకండి. పైట చెంగు తిప్పి నడుము దగ్గర దోపి, పైన స్వెటర్ వేయించండి. నర్తకి ఇసడోరా డంకన్ 1927లో నీస్ నగరంలో టాప్ లేని కారులో పోతుండగా మెడలోని పొడవాటి స్కార్ఫ్ వెనక చక్రంలో చుట్టుకుని చనిపోయింది. మీ చున్నీ విషయంలోనూ ఇంతే జాగ్రత్త. పక్క అద్దాలు పైకి ఎత్తి, హీటరు గాలి కాళ్లకు పెట్టి, హైవే ఎక్కకుండా గంటకు నలభై మైళ్ల వేగం లోపు వెళ్తే చెవుల్లో హోరు ఉండదు, ఆవిడ చెప్పేది మీకు వినిపిస్తుంది. ఆ గంటా మీవారు, మామగారు బాబుతో ఇంట్లో ఉంటారు.