పిలవని సాక్షి కోసం వెతుకు

అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ చేరింది. 1948 సెప్టెంబరులో నిజాం సైన్యం భారత సైన్యానికి లొంగిపోయిందన్న వార్త ఊరికి చేరడం, దొర గడీ ముందు జనం గుమిగూడడం, అప్పటిదాకా తలెత్తి చూడని వాళ్ళు గొంతెత్తి అరవడం చాలా బాగా రాశావు. నా అభ్యంతరం చివరి రెండు పేజీల మీదే. జనం నిజాం సర్కారు అధికారి అయిన అమీనును ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి చంపుతారు, కథ అక్కడితో హాయిగా ముగుస్తుంది. ఆ హాయిని నేను ఒప్పుకోలేను.

ఆ అమీను మంచివాడని కాదు. రజాకార్లకు అండగా నిలిచిన అధికారులు నిజంగా ఉన్నారు. బైరాన్‌పల్లిలో రజాకార్లు జరిపిన ఊచకోతను ఒక్క మాట తగ్గించి రాయమని ఎవరు చెప్పినా వినకు. కానీ నీ అమీనుకు పేరు లేదు. అతను ఏ రోజు ఏం చేశాడో కథలో ఎక్కడా లేదు. చెడ్డ ప్రభుత్వంలో ఉద్యోగి, ముస్లిం. ఈ రెండే అతని నేరానికి రుజువులుగా నిలిచాయి. 1948లో అనేకచోట్ల జరిగింది కూడా సరిగ్గా ఇదే. రచయిత్రివి నువ్వు మళ్ళీ అదే పని ఎందుకు చేయాలి?

నీకొక కేసు చెబుతాను. 1947 డిసెంబరులో వరంగల్ ప్రాంతంలోని గుర్తూరు అనే ఊరి మీద దాడి జరిగింది. ఇళ్ళు తగలబడ్డాయి, మనుషులు చనిపోయారు. నిజాం ప్రభుత్వం కూలిన తరువాత ఆ దాడికి ఆజ్ఞ ఇచ్చాడన్న అభియోగం మీద హబీబ్ మహమ్మద్‌ను విచారించారు. ఆయన వరంగల్ సుబేదారు, అంటే కలెక్టర్ల పైన ఉండే రెవెన్యూ అధికారి. ప్రత్యేక న్యాయమూర్తి మరణశిక్ష వేశాడు. అప్పీలులో హైకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ చెరొక మాట చెప్పడంతో కేసు మూడో న్యాయమూర్తి దగ్గరకు వెళ్ళింది. ఆయనా శిక్ష వైపే మొగ్గాడు. చివరికి 1953లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసి ఆయన్ను విడుదల చేసింది. ముఖ్యమైన కారణం ఒకటి గుర్తుపెట్టుకో. దాడి సమయంలో అక్కడ ఉన్నాడని సాక్షులు చెప్పిన ఒక పెద్ద పోలీసు అధికారిని ప్రాసిక్యూషన్ సాక్షిగా బోనెక్కించనే లేదు. అన్నీ చూసినవాణ్ణి పక్కన పెట్టి నడిపిన విచారణను న్యాయమైనదిగా కోర్టు ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ న్యాయవాదులు ఆ తీర్పును ఉదహరిస్తారు.

ఈ కేసు నీకు చెప్పింది సుబేదారు మీద జాలి పుట్టించడానికి కాదు. గుర్తూరులో చనిపోయినవాళ్ళకు ఆ తీర్పుతో న్యాయం దక్కలేదు. తొందరపాటు విచారణ వల్ల కలిగే నష్టం ఇదే. నిందితుడికి న్యాయం దొరకదు, బాధితుడికీ దొరకదు. కథకు ఇంతకంటే బలమైన వస్తువు ఏం కావాలి? నీ ఊళ్ళో అన్నీ చూసి కూడా ఎవరూ పిలవని సాక్షి ఎవరు? నా అంచనా, ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ. అమీను నోటితో చెబితే కాగితం మీద పెట్టింది అతనే. ఎవరి భూమి ఎవరి పేరున ఎక్కిందో తెలిసింది అతనికే. అమీను గడీలో ఎవరి పక్కన కూర్చుని భోంచేశాడో కూడా అతనికి తెలుసు. ఊరు వదిలి పారిపోయిన దేశ్‌ముఖ్‌లు, అంటే పెద్ద భూస్వాములు, ఎందరో భారత సైన్యం వెనకాలే గాంధీ టోపీ పెట్టుకుని తిరిగొచ్చారు. పేదలు పంచుకున్న భూములను మళ్ళీ లాక్కున్నారు. నీ కథలో దొర ఎక్కడ? మొదటి పేజీలో కనిపించి మాయమయ్యాడు. అమీను శవం మీద జనం కోపమంతా తీరిపోతే అందరికంటే ఎక్కువ లాభపడేది ఆ దొరే కదా.

పైవాళ్ళ సంగతి చూడు. నిజాం ప్రధానమంత్రి లాయక్ అలీని గృహనిర్బంధంలో పెట్టారు, 1950లో తప్పించుకుని పాకిస్తాన్ చేరాడు. రజాకార్ల నాయకుడు కాశిం రజ్వీ జైలు శిక్ష అనుభవించి 1957లో విడుదలై అతనూ అక్కడికే వెళ్ళాడు. ఏడో నిజాం రాజప్రముఖ్, అంటే గవర్నరులాంటి రాష్ట్రాధిపతి, అయ్యాడు, ఏటా యాభై లక్షల రాజభరణంతో. మరి దెబ్బ ఎవరికి తగిలింది? నెహ్రూ పంపగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు సంస్థానంలోని పదహారు జిల్లాల్లో తొమ్మిది తిరిగి చూశారు. సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని వాళ్ళ నివేదిక అంచనా. అందులో అధికారులెందరు, రజాకార్లెందరు? అత్యధికులు ఏ హోదా లేని మామూలు ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. ఆ తరువాతి వరుసలో మన నల్లగొండ, మెదక్ పేర్లు కూడా ఉన్నాయి. తెలంగాణలో అలాంటిది జరగలేదని సభల్లో చెప్పేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదు.

చంపడం ఒక్కటే ప్రతీకారం కాదన్నది కూడా ఆలోచించు. ఎందరో పాత ఉద్యోగులను తొలగించారు, పరిపాలన నడపడానికి మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుంచి అధికారులను తెచ్చారు. ఆ అసంతృప్తి పేరుకుని 1952లో ముల్కీ ఉద్యమంగా, అంటే స్థానికులకే ఉద్యోగాలు ఇవ్వాలన్న ఉద్యమంగా, హైదరాబాదు వీధుల్లోకి వచ్చింది. అమీను బతికి ఉంటే, ఉద్యోగం పోయి, ఉర్దూలో తప్ప రాయలేని చేతులతో ఏ అరుగు మీద కూర్చునేవాడు? ఇది కూడా ఒక కథే, బహుశా నీ కథకంటే కష్టమైనది.

ఒక సంగతి మాత్రం తప్పకుండా వాడుకో. కొన్నిచోట్ల హిందూ చేనేత కార్మికులు తమ తోటి ముస్లిం చేనేత కార్మికులను గుంపుల నుంచి కాపాడారని, ఆ ప్రయత్నంలో ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని ఆ నివేదికే చెబుతుంది. అన్నేళ్ళు పక్కపక్కన పనిచేసినవాళ్ళకు ఎవరు ఏం చేశారో, ఏం చేయలేదో తెలుసు. నీ గుంపులో అలాంటి ఒక్క మనిషి ఉన్నా, అతను అడ్డు నిలిచినా నిలవకపోయినా, ఆ చివరి రెండు పేజీలు ఇలా ఉండవు. గుంపుకు ఒకటే గొంతు ఇచ్చావు. దాన్ని విడదీయి. ఒకడు అప్పుపత్రం కోసం వచ్చాడు, ఒకడు చెల్లెలికి జరిగిన అన్యాయం కోసం వచ్చాడు, ఒకడు ఎందుకొచ్చాడో వాడికే తెలియదు. చెల్లెలి కోసం వచ్చినవాడి కోపాన్ని తక్కువ చేయకు. అతనికి కోర్టులో మాట్లాడే అవకాశం దొరికి ఉంటే ఏం చెప్పేవాడో అతని నోటితోనే రాయి.

సుప్రీంకోర్టు తీర్పు ప్రతిని ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. భాష కొంచెం బరువు, అయినా ఓపికగా చదువు. కథంతా తిరగరాయనక్కర్లేదు. ముందు అమీనుకు ఒక పేరు పెట్టు, అతను సంతకం చేసిన ఒక కాగితం తయారుచేయి, ఆ కాగితం వల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో రాయి. తరువాత పట్వారీ దగ్గరకు వెళ్ళు. ఆ రెండు భాగాలు అయ్యాక పంపితే చూస్తాను.